కొత్తగా వచ్చిన బిడ్డకు ఇంగ్లీషు
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



పల్లె బడిలో ఇంగ్లీషు చెప్పే సారుకు జీతం కాక ఇంకేం దక్కుతుందో చెప్పమని సంఘం వారు అడిగారు. ఆదోని, ఎమ్మిగనూరు చుట్టుపక్కల బడుల్లో పనిచేసినవాడిగా నాకు తెలిసింది చెబుతాను.

మన బడులకు కొత్తవాళ్లు రెండు దారుల్లో వస్తారు. ఉర్దూ మీడియంలో ఐదో తరగతి దాకా చదివి, పై తరగతులు దగ్గరలో లేక వేరే మీడియం హైస్కూలులో చేరేవాళ్లు కొందరు. సుగ్గికి పోయి వచ్చేవాళ్లు ఇంకొందరు. వానలు సరిగా లేని ఏడు దీపావళి దాటితే కోసిగి, పెద్దకడబూరు, కౌతాళం వైపు ఎన్నో ఇళ్లకు తాళాలు పడతాయి. గుంటూరు మిరప కోతలకు, బెంగళూరు కట్టడాల పనికి పెద్దలతోపాటు పిల్లలూ పోతారు. తిరిగొచ్చేసరికి పాఠాలు చాలా ముందుకు పోయి ఉంటాయి. పేరు రిజిస్టరులో పాతదే, తరగతిలో మాత్రం ఆ బిడ్డ కొత్తవాడే.

2020 నుంచి సర్కారు బడి పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు. ఉర్దూ చదివి వచ్చిన బిడ్డకు రెండు పేజీలూ కొత్తవే. కుడి నుంచి ఎడమకు చదవడం అలవాటైన కన్ను ఇప్పుడు ఎడమ నుంచి కుడికి నడవాలి. ఆ బిడ్డ మాట్లాడకుండా కూర్చుంటే ‘వీడికి రాదు’ అనుకోవడం సులువు. వాడికి ఏం వచ్చో ముందు చూడాలి. ఇంట్లో దక్కనీ, వీధిలో తెలుగు, సంతలో కన్నడం మాట్లాడేవాడికి నాలుగో భాష అంటే భయమెందుకు?

‘నా దగ్గర పుస్తకం ఉంది’ అన్నా, ‘మేరే పాస్ కితాబ్ హై’ అన్నా క్రియ చివరనే వస్తుంది. ‘ఐ హ్యావ్ ఎ బుక్’ అన్నప్పుడు మధ్యలోకి వస్తుంది. మూడు వాక్యాలూ నల్లబల్ల మీద ఒకదాని కింద ఒకటి రాస్తే, తెలుగు పిల్లలకూ ఉర్దూ పిల్లలకూ ఉన్న కష్టం ఒకటేనని అర్థమవుతుంది. ‘జీరో’లో మొదటి శబ్దం ఉర్దూ బిడ్డకు ఇంటి నుంచే వస్తుంది, తెలుగు బిడ్డ వాడిని విని నేర్చుకుంటాడు. ‘స్కూల్’ను ‘ఇస్కూల్’ అనేవాణ్ణి తెలుగు బిడ్డ సరిదిద్దుతాడు.

ఆదోని మార్కెట్‌కు పోయే పత్తి బండ్లను మన పిల్లలు రోజూ చూస్తారు. ఇంగ్లీషువాళ్ల ‘కాటన్’ అరబ్బీ ‘ఖుత్న్’ నుంచి వచ్చిందని వాళ్లకు చెప్పండి. ‘జీరో’కు మూలం అరబ్బీ ‘సిఫ్ర్’. ఉర్దూలో సున్నాను ఇప్పటికీ సిఫర్ అనే అంటారు. తనకు తెలిసిన మాటలు ఇంగ్లీషులోనూ ఉన్నాయని తెలిసిన బిడ్డ వెనక బెంచీ వదిలి ముందుకొస్తాడు.

ఇక సారుకు దక్కేది. సుగ్గి నుంచి వచ్చిన ఒక అమ్మాయి, చేను దగ్గర నుంచి తెచ్చిన ఖాళీ డబ్బా మీద ‘పాయిజన్’ అన్న మాట చదివి, అందులో నీళ్లు పట్టొద్దని తల్లిని ఆపింది. ఏ పరీక్షలోనూ ఆ ప్రశ్న రాదు, ఏ మార్కుల జాబితాలోనూ అది ఎక్కదు. నాకు మాత్రం అంతకు మించిన జీతం లేదు.

పిల్లల్ని వెంట తీసుకుపోయే తల్లిదండ్రుల్ని తప్పు పట్టడానికి నేను రాలేదు. ఎవరి దగ్గర వదలాలో తెలియకే తీసుకుపోతారు. సమగ్ర శిక్ష కింద సీజనల్ హాస్టళ్లు నడుస్తాయి. ఆ సంగతి ఇంటికి తాళం పడకముందే వాళ్లకు చేరాలి. అందుకే సంఘాన్ని రెండు పనులు కోరుతున్నాను. దసరా అయిన వెంటనే మన యువకులు ఇల్లిల్లూ తిరిగి చెప్పాలి. తిరిగొచ్చిన పిల్లలకు సాయంత్రం గంటసేపు పాఠం చెప్పే ఒక టీచరుకు గౌరవ వేతనం ఇవ్వాలి. ఆ పిల్లలు ఏ మతం వాళ్లయినా సరే.

బోరు వేయించడం సదఖా ఎ జారియా అని మనందరికీ తెలుసు. పదిమందికి పనికొచ్చే చదువు కూడా అలాంటిదేనని మన పెద్దలు చెప్పారు. వచ్చే దీపావళి లోపల ఈ రెండు పనులూ మొదలుపెడదాం.

సెలవు. ఖుదా హాఫిజ్.