బడి విడిచిన పిమ్మట

బడి విడిచి ఇల్లు చేరిన పిల్లవానిని సాయంకాలము మరల పుస్తకము ముందు కూర్చుండబెట్టుట నేడు మన యిండ్లలో పరిపాటి అయినది. కలవారు ఇంటికే మాస్టరును పిలిపించుకొందురు. తక్కినవారు వీధి చివర ట్యూషనుకు పంపుదురు. బాగుగ చదువు పిల్లల మాట అటుంచి, చదువనే రాని పిల్లవానికి ఈ ట్యూషను ఏమి చేయుచున్నదో ఈ పూట ఆలోచింతము.

చదువనే రానివాడు ఐదవ తరగతిలో ఉండునా అని శ్రోతలలో కొందరికి సందేహము కలుగవచ్చును. ప్రథమ్ అను సంస్థవారు 2005వ సంవత్సరము నుండి పల్లెలలో ఇంటింటికి పోయి పిల్లలచేత చదివించి చూచుచున్నారు. వారి లెక్క ప్రకారము మన దేశపు గ్రామములలో ఐదవ తరగతి పిల్లలలో రెండవ తరగతి పాఠము చదువగలవారు 2018లో సుమారు సగము. 2022లో నూటికి 42.8 మంది. నడుమ కరోనా వలన బడులు మూతబడినవి. తరువాత పిల్లలు కొంత కోలుకొన్నారు. అయినను ఒక విశేషము కలదు. ఆ నాలుగేండ్లలోనే డబ్బిచ్చి ట్యూషనుకు పోవు గ్రామీణ బాలబాలికలు నూటికి 26.4 నుండి 30.5కు పెరిగిరి. ట్యూషను పెరిగినంతమాత్రమున చదువు పెరుగదని ఈ అంకెలను ప్రక్కప్రక్కన పెట్టి చూచిన తోచకమానదు.

ట్యూషనులో సాధారణముగ జరుగునది హోంవర్కు పూర్తిచేయుట. మాస్టరు జవాబు చెప్పును, పిల్లవాడు వ్రాసికొనును. నోటుపుస్తకము నిండును, మరునాడు బడిలో చీవాట్లు తప్పును, తల్లిదండ్రులకు తృప్తి కలుగును. బోర్డుమీది పాఠమంతయు ముత్యములవంటి దస్తూరితో దించుకొని, తాను వ్రాసినదానిలో ఒక్క మాటయు చదువలేని పిల్లలున్నారు. వారికి అక్షరము ఒక బొమ్మ. బొమ్మను చూచి బొమ్మ వేయుదురు.

మన పిల్లవాడు ఎచ్చట చిక్కుకొన్నాడో తెలిసికొనుట కష్టము కాదు. గుణింతము అప్పజెప్పుమన్నచో "క, కా, కి, కీ" అని రాగము తీయుచు తడుముకొనక చెప్పును. మనము వచ్చినదనుకొందుము. అటు నిటు చేతితో మూసి, నడుమనున్న "కొ" ఒక్కటి చూపుడు. వాడు మరల మొదటినుండి పాడుకొనుచు అచ్చటికి వచ్చినచో, వానికి వచ్చినది పాట గాని అక్షరము కాదు. ఇక ప, వ, ష అనువానిని చూడుడు. మ, య, ఘ అనువానిని చూడుడు. ఒక గీత, ఒక మెలిక తప్ప భేదమేమున్నది? ఒత్తుల సంగతి మరియొకటి. చాల ఒత్తులు తమ అక్షరమును పోలియుండును. త, న, మ, య, ర, ల మొదలైనవాని ఒత్తులకు మాత్రము ఆ పోలిక లేదు. మాటలలో అడుగడుగున తగులునవి ఇవియే. అమ్మ, అన్న, పల్లె అను మాటలే చాలును. పిల్లవానికి మొట్టమొదట చూపు "అమ్మ"లోనే ఆ చిక్కు ఉన్నది! ఇంటిలో లంబాడీయో, కోయయో, ఉర్దూయో మాటలాడు పిల్లవానికి ఈ కష్టము రెట్టింపు.

కాబట్టి సాయంకాలము మొదలుపెట్టవలసినది వాని తరగతి పుస్తకముతో కాదు, వానికి తెలిసినచోటి నుండి. ఉత్తరప్రదేశములోని జౌన్‌పూర్ జిల్లాలో ప్రథమ్ వారే గ్రామ యువకులకు కొద్దిదినముల తర్ఫీదు ఇచ్చి, బడివేళలకు వెలుపల ఇట్టి తరగతులు నడిపించిరి. అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో మొదలైనవారు ఆ పనిని పరీక్షించి 2010లో ఫలితములు ప్రకటించిరి. ఆ యిద్దరును 2019లో నోబెల్ బహుమానము పంచుకొన్నవారిలోని వారే. తరగతులకు వచ్చిన పిల్లలు స్పష్టముగ ముందుకు సాగిరి. కాని వచ్చినవారు నూటికి ఎనిమిదిమందే! బొత్తిగా చదువ రానివారిలో సయితము వచ్చినవారు నూటికి 13 మందికి మించలేదు. రాకుండుటకు కారణములు అనేకము ఉండవచ్చును. మన ప్రాంతమున వానిలో సిగ్గు ఒకటియని నా నమ్మకము. పదేండ్లవానిని ఆరేండ్లవారి నడుమ కూర్చుండబెట్టి, "అ, ఆ" దిద్దించినచో రెండవనాడు వాడు రాడు. వానికి తెలిసిన మాటలతోనే అక్షరములు నేర్పుడు. బస్సుమీది ఊరి పేరు, సినిమా పేరు, దుకాణపు బోర్డు, ఏవియైనను సరియే. దినమునకు అరగంట చాలును. ఇంటర్మీడియటు చదువుచున్న అక్కయైనను ఈ పని చేయగలదు. బడిపంతులు ప్రైవేటు ట్యూషను చెప్పరాదని 2009 నాటి విద్యాహక్కు చట్టమే నిషేధించినది. కనుక అక్కలకే ఈ భారము తప్పదు.

ముందుగా పిల్లవాని కన్నులు, చెవులు పరీక్ష చేయించుడు. కొన్నినెలలు ఓర్పుతో చెప్పినను అక్షరము నిలువకున్నచో డిస్లెక్సియా ఉన్నదేమో నిపుణునికి చూపుడు. అట్టి లోపమును 2016 నాటి చట్టము వైకల్యములలో చేర్చినది. దానిని మొద్దుతనమని తిట్టుట అన్యాయము.

ఇంతకును హోంవర్కు ఎవరు చేయుదురని అడుగుదురు. తల్లి చేసిపెట్టుట మాత్రము వలదు. తండ్రి ఒకదినము బడికి పోయి, "అయ్యా, మావానికి ఇంకను చదువుట రాలేదు, మూడునెలలు వ్రాతపని తగ్గించి, దానికి బదులు నాలుగు వాక్యములు చదువుమని చెప్పుడు" అని పంతులుగారిని అడుగవలెను. పరీక్షలు ముగిసిన పిమ్మట కాదు, ఈ వారమే.