చదరంగపు గళ్ళ లెక్క



చదరంగపు పలకలోని అరువదినాలుగు గళ్ళలో మొదటిదానియం దొక గింజయు, రెండవదానియందు రెండును, మూడవదానియందు నాలుగును, ఇట్లు గడిగడికి రెట్టించుచు పోయినచో మొత్తము గింజలెన్ని యగునను ప్రశ్న మీరు వినియే యుందురు. ఉత్తరము 18446744073709551615. ఇరువది యంకెలు. ఇవి వడ్లగింజలే యనుకొందము. వేయి గింజలు సుమారు 25 గ్రాములు తూగును గనుక మొత్తము నలువదియారువేల కోట్ల టన్నులకు చేరును. నేడు ప్రపంచమంతయు ఏటేట పండించు వడ్లను అయిదువందల యేండ్లకు పైగా కూడబెట్టినగాని ఈ రాశి యేర్పడదు.

దీనిని మనవారు పద్యమున బంధించిరి. తొమ్మిదవ శతాబ్దమున మహావీరాచార్యుడు సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహమును తెనిగించిన పావులూరి మల్లన పేర ఆ చంపకమాల ప్రసిద్ధము. అందు అంకెలకు మారుగా మాటలుండును. చంద్రుడు ఒకటి, వేదములు నాలుగు, మన్మథుని శరములు అయిదు, గగనము సున్న. ఒకట్ల స్థానము మొదలు ఎడమకు నడువవలెను.

సికింద్రాబాదున నేను పాఠము చెప్పిన కాలమున దీనిని పిల్లలచే వల్లెవేయించుచుంటిని. ఒక బాలుడు, “పంతులుగారూ, తాటాకుపై వ్రాసినవాడు ఒక మాట మార్చియుండిన మనకెట్లు తెలియును?” అని యడిగెను. పద్యము కంఠస్థమైన పెద్దలు సయితము అడుగని ప్రశ్న! ఛందస్సు కొంతవరకే కాపాడును. “శర” యనుచోట “రస” యని వ్రాసిన గణము చెడదు గాని అయిదు ఆరగును.

నవశేషముతో చూతము. గళ్ళలోని సంఖ్యలను తొమ్మిదిచే భాగింప మిగులునవి 1, 2, 4, 8, 7, 5. పిమ్మట మరల ఒకటి. ఆరింటి మొత్తము 27, అనగా శేషము లేదు. అరువది గళ్ళు ఇట్లే తీరిపోవును. కడపటి నాలుగు గళ్ళ శేషములు 1, 2, 4, 8 కలిపిన 15. అందు తొమ్మిది పోగా 6. మన సంఖ్యలోని అంకెల మొత్తము 87. ఎనిమిదియు నేడును పదునైదు. ఒకటియు నైదును ఆరు. సరిపోయినది.

అయినను ఇందొక చిక్కు కలదు. రంధ్రమనగా నవరంధ్రములను బట్టి తొమ్మిది. ఎరుగనివాడు బోలుగా నున్నది గదా యని సున్న వేసినచో నవశేషము ఆ తప్పు పట్టదు. పక్కపక్క యంకెలు తారుమారైనను పట్టదు. అందుకు పదునొకటితో పరీక్ష కావలెను. అప్పుడు శేషములు పదిగళ్ళ కొకమారు తిరిగివచ్చును. పదింటి మొత్తము 55, శేషము సున్న. అరువది గళ్ళు మరల తీరిపోయి, అదే 15 మిగిలి, అందు పదునొకటి పోగా 4. ఇక ఒకట్ల స్థానము మొదలు ఒకటి విడిచి యొకటిగా అంకెలు కూడిన 62, విడిచినవి కూడిన 25. భేదము 37, మూడు పదునొకండ్లు పోగా 4.

రంధ్రమునకు సున్న వేసి చూడుడు. 62 కాస్త 53 అగును, భేదము 28, శేషము 6. తప్పు బయటపడినది.