ఫైరింజనుకు నీరిచ్చునది ఊరే
(నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంత గ్రామసభల కొరకు సిద్ధపరచిన ప్రసంగ పాఠము)



కోతలు ముగిసి, కల్లములు తీసి, గడ్డివాములు వేసికొను కాలమిది. దేవరకొండ, మునుగోడు, కల్వకుర్తి, అచ్చంపేట మెట్టలలో గాలి వేడెక్కి, చెట్టుచేమ ఎండిపోవు దినములు దగ్గరపడుచున్నవి. ఇట్టి సమయమున ఫైరింజనును గూర్చి నాలుగు మాటలు చెప్పుకొనుట మేలని తలచుచున్నాను. ఎర్రని బండి గంట మ్రోగించుకొనుచు పరుగెత్తుట మీలో పెక్కుమంది చూచియే యుందురు. కాని ఆ బండిలో ఏమేమి యున్నవో, అది ఏమి చేయగలదో, ఏమి చేయలేదో తెలిసినవారు తక్కువ. అది చేయలేని పనియేదో ముందుగా తెలిసికొనుట పల్లెవాసులకు మరింత ముఖ్యము.

ఫైరింజను అనగా ప్రధానముగా ఒక పంపు. తక్కిన సామగ్రి యంతయు ఆ పంపును ఆశ్రయించి పుట్టినదే. క్రీస్తునకు పూర్వము మూడవ శతాబ్దిలో అలెగ్జాండ్రియా నగరమునందు టెసిబియస్ అను యంత్రశిల్పి నీటిని బలముగా చిమ్ము పంపును నిర్మించెను. కాని నీటిని చిమ్మినంత మాత్రమున చాలదు, మంట గుండెకాయ కడకు దానిని చేర్చవలెను. 1672 ప్రాంతమున ఆమ్‌స్టర్‌డాము నగరములో యాన్ వాన్ డెర్ హైడెన్ అను చిత్రకారుడు తోలుతో కుట్టిన పొడవైన గొట్టమును వాడుకలోనికి తెచ్చెను. అంతకు పూర్వము యంత్రమునే మంట వద్దకు లాగుకొని పోవలసివచ్చెడిది. గొట్టము వచ్చిన పిదప మనిషి ఇంటి లోనికి పోయి నీరు కొట్టగలిగెను. 1829లో లండనులో బ్రెయిత్‌వైట్, ఎరిక్సన్ అను ఇరువురు ఆవిరితో నడచు ఫైరింజనును నిర్మించిరి. ఇరువదవ శతాబ్ది ఆరంభమున పెట్రోలు మోటారు వచ్చి, బండిని లాగు గుఱ్ఱముల పనిని, పంపు కొట్టు మనుష్యుల పనిని తానే చేయసాగెను.

ఆ క్రొత్త యుగపు యంత్రమొకటి మన హైదరాబాదునకు త్వరగానే చేరినది. ఇంగ్లండులో మాంచెస్టరు సమీపమున గల సాల్ఫర్డు పట్టణమందు జాన్ మోరిస్ అండ్ సన్స్ అను కంపెనీ 1914లో తయారుచేసిన ఫైరింజనును నిజాము రైల్వే కొరకు తెప్పించిరి. అప్పటి నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్. ఆ బండి ఇప్పటికిని ఉన్నది. క్రొత్తఢిల్లీలోని జాతీయ రైలు మ్యూజియములో దానిని భద్రపరచిరి. పాతకాలపు మోటారుల పోటీలలో పాల్గొని అది బహుమతులు కూడ పొందినది. ఢిల్లీకి పోవువారు దానిని తప్పక చూడవలెను. నూరేండ్లకు పైబడిన ఆ బండి ముందు నిలిచి చూచినచో, నేటి బండికిని దానికిని మూలసూత్రము ఒక్కటియేనని తెలియును. ఒక మోటారు, ఒక పంపు, కొన్ని గొట్టములు, ఒక నిచ్చెన, కొందరు ధైర్యవంతులు.

అయితే పంపు నీటిని పుట్టించదు, ఉన్న నీటిని తోయును, అంతియే. నగరములో పెద్ద యంత్రములు రాణించుటకు కారణము ఆ యంత్రములే కాదు, నగరమునకు సమకూరిన నీరు కూడ. మూసీనదిపై ఉస్మాన్ సాగరము 1920లో పూర్తియైనది. అటువంటి జలాశయముల వలన నగర వీథులలో గొట్టముల నీరు విస్తరించెను. యంత్రము, నీరు జంటగా ఉన్నప్పుడే అగ్నిపై గెలుపు.

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన పిదప హైదరాబాదు రాష్ట్రపు అగ్నిమాపక కేంద్రములును, మద్రాసు రాష్ట్రము నుండి వచ్చిన ఆంధ్ర ప్రాంతపు కేంద్రములును ఒకే శాఖ క్రిందికి వచ్చెను. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడిన తరువాత మన రాష్ట్రమునకు ప్రత్యేక శాఖ అమరెను. నేడది విపత్తు స్పందన, అగ్నిమాపక శాఖ అను పేర నడచుచున్నది. నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూలు, వనపర్తి, గద్వాల వంటి పట్టణములలో దాని కేంద్రములు గలవు.

ఇక నేటి బండిలోని సామగ్రిని చూతము. నగర దళము వద్ద అనేక విధములైన బండ్లు గలవు. ఎత్తైన మేడల కొరకు యాభై మీటర్లకు పైగా లేచు బ్రాంటో స్కైలిఫ్టు అను యంత్రము ఒకటి. నూనె, పెట్రోలు మంటలపై నీరు పనికిరాదు కనుక నురుగును కప్పు బండ్లు మరికొన్ని. ఇరుకు సందులలో దూరుటకు మోటారు సైకిళ్లపై అమర్చిన చిన్న యంత్రములును గలవు. పొగలో ప్రవేశించు ఉద్యోగి వీపున గాలి సిలిండరు ధరించును. అందులో నుండునది ప్రాణవాయువు మాత్రమే కాదు, ఒత్తిడితో నింపిన మామూలు గాలి. నలిగిన మోటారుల ఇనుమును చీల్చి మనుష్యులను వెలికి తీయు కత్తెరలు, రేకులను, కప్పులను లాగు కొక్కెములు, గొడ్డళ్లు, త్రాళ్లు కూడ ఉండును.

మన పల్లెలకు సాధారణముగా వచ్చునది నీటి బండి. దానిలో పెద్దదానికి 4,500 లీటర్ల తొట్టి యుండును. దాని పంపు నిమిషమునకు 1,800 లీటర్ల నీటిని తోయగలదు. ఇప్పుడు లెక్క వేయుడు. పంపును పూర్తి బలముతో నడిపినచో తొట్టి రెండున్నర నిమిషములలో ఖాళీయగును. ఒకే గొట్టముతో పొదుపుగా, నిమిషమునకు 450 లీటర్ల చొప్పున కొట్టినను పది నిమిషములే. ఇంత గొప్ప యంత్రము తనతో తెచ్చుకొను నీరు పది నిమిషముల నీరు! పదకొండవ నిమిషమున నీరెక్కడిది? ఆ ప్రశ్నకు బదులు చెప్పవలసినది బండి కాదు, ఊరు.

ఊరిలో బావి యున్నది గదా యని మీరనవచ్చును. ఇచ్చట ఒక ప్రకృతి నియమమును గమనింపవలెను. పంపు నీటిని పీల్చునప్పుడు వాస్తవముగా నీటిని పైకి నెట్టునది మన చుట్టునున్న గాలి బరువు. ఆ బరువు సముద్రమట్టమున పది మీటర్లకు మించి నీటిని ఎత్తలేదు. ఆచరణలో ఏడు మీటర్లు దాటినచో ఏ పంపైనను చేతులెత్తవలసినదే. మన మెట్ట ప్రాంతములలో రాతిని తొలిచి త్రవ్విన బావులలో ఎండాకాలమున నీరు పది గజముల లోతునకు దిగిపోవుట క్రొత్త కాదు. గట్టుపై నిలిచిన ఫైరింజను ఆ నీటిని చూడగలదు గాని త్రాగలేదు. మెట్లున్న బావి యైనచో చేతులతో మోయదగిన చిన్న పంపును క్రిందికి దించి నీరు తీయవచ్చును. లేనిచో బోరు మోటారు నీటిని తొట్టిలో నింపవలెను. సాగరు ఎడమ కాలువ క్రింది గ్రామములకు కాలువలో నీరున్నంత కాలము ఈ చిక్కు లేదు. మెట్ట గ్రామములే ముందుగా యోచించుకొనవలెను. ఏ కుంట గట్టు వరకు బరువు బండి పోగలదు? ఏ బోరునకు నిండుగా నీరున్నది? దాని తాళము ఎవరి వద్ద నున్నది? పల్లె ప్రగతి కార్యక్రమము క్రింద గ్రామ పంచాయతీలకు ట్రాక్టరు, నీటి ట్యాంకరు సమకూర్చిరి. మొక్కలకు నీరు పోయు ఆ ట్యాంకరే ఆపత్సమయమున ఫైరింజనుకు జంట కాగలదు. వేసవి మూడు నెలలు ప్రతి సాయంకాలము దానిని నింపి ఉంచుటకు పెద్ద ఖర్చేమియు లేదు.

నీటి తరువాత దారి. 2025 మే 18న హైదరాబాదు పాతబస్తీలో, చార్మినారు సమీపముననే గల గుల్జార్ హౌజు వద్ద ఒక ఇంట అగ్ని చెలరేగి 17 మంది మరణించిరి. వారిలో చిన్న పిల్లలు ఉండిరి. కేంద్రము దగ్గరనే యున్నది, యంత్రములు వచ్చెను, నీరు వచ్చెను. కాని ఆ ఇంటికి సన్నని ప్రవేశద్వారము, పైకి పోవుటకు ఇరుకైన ఒకే మెట్లదారి. రాష్ట్రములోని ఉత్తమ సామగ్రి వాకిట నిలిచియుండగనే లోపలివారు పొగకు బలియైరి. మన ఊళ్లలో ఇండ్ల మధ్య సందులలో బండలు, కట్టెలమోపులు, అడ్డముగా నిలిపిన ట్రాలీలు, క్రిందికి వ్రేలాడు కరెంటు తీగలు ఎన్ని లేవు? బండి రాలేని వాడ ఏదియో నేడే నడచి చూచుకొనుడు.

మూడవది కబురు. 101 సంఖ్యకు గాని 112 సంఖ్యకు గాని ఫోను చేయవలెను. 'మా ఊరిలో మంటలు' అని చెప్పి పెట్టివేయుట తగదు. ఊరి పేరు, మండలము పేరు, ఏ రోడ్డు మీదుగా రావలెనో, కాలుచున్నది గడ్డివామా, ఇల్లా, ప్రత్తి నిలువయా, లోపల మనుష్యులున్నారా, సమీపమున నీరెక్కడ నున్నదో చెప్పుడు. ఒకే పేరు గల ఊళ్లు మన జిల్లాలలో అనేకము. ఒకరు రోడ్డు మలుపు వద్ద నిలిచి బండికి దారి చూపవలెను.

ఇంత చేసినను బండి వచ్చుటకు సమయము పట్టును. కేంద్రము నుండి మీ ఊరు 30 కిలోమీటర్లనుకొనుడు. మన రోడ్లపై బరువు బండి గంటకు 45 కిలోమీటర్ల చొప్పున వచ్చినచో నలువది నిమిషములు. ఆ నలువది నిమిషములు ఊరివే. 2013 అక్టోబరు 30వ తేదీ తెల్లవారుజామున, అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని పాలెం వద్ద జాతీయ రహదారిపై ఒక బస్సు కల్వర్టును ఢీకొని అంటుకొనగా 45 మంది ప్రాణములు కోల్పోయిరి. ఆ దుర్ఘటనను ఈ ప్రాంతము మరువలేదు. అగ్ని ఎంత వేగముగా పని ముగించుకొనునో అది మనకు చూపినది. బస్సు ఎక్కగనే ఆపద్ద్వారమెక్కడ నున్నదో, అద్దము పగులగొట్టు సుత్తి ఎక్కడ నున్నదో చూచుకొనుట పిరికితనము కాదు.

కనుక ఆ నలువది నిమిషములలో ఏమి చేయవలెను? మొదట మనుష్యులు, పిదప పశువులు, ఆ పిదపనే వస్తువులు. కొట్టము అంటుకొన్నచో పలుపులు విప్పుచు కూర్చొనక కోసివేయుడు. మంటపై నీరు చాలనప్పుడు ప్రక్క ఇండ్ల కప్పులపై తడి గోనెలు పరచుడు. కాలుచున్నది దక్కకున్నను కాలవలసినవి దక్కును. కరెంటు తీగలున్న చోట విద్యుత్తు నిలిపించిన తరువాతనే నీరు చల్లవలెను. మనిషి బట్టలంటుకొన్నచో పరుగెత్తనీయక నేలపై దొరలించి గొంగడి కప్పుడు. మన గొల్లకురుమల గొంగడి ఉన్నిది కనుక త్వరగా మండదు. కాలిన చోట చల్లని నీరు ఇరువది నిమిషములు పోసి, ఏ పసరులును పూయక ఆసుపత్రికి చేర్చుడు.

ప్రత్తి రైతులకు ప్రత్యేకముగా ఒక మాట. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఫోర్ట్ స్టైకిన్ అను ఓడలో నిప్పు పుట్టెను. ఆ ఓడలో ప్రత్తి బేళ్లతోపాటు ప్రేలుడు సామగ్రియు ఉండెను. ప్రత్తి పైకి మంట కానరాకయే లోలోపల రగులును. ఓడ ప్రేలి పోయినప్పుడు నిప్పార్పుచున్న 66 మంది అగ్నిమాపక సిబ్బంది అసువులు బాసిరి. వారి స్మృతికే దేశమంతట ఏప్రిల్ 14 మొదలు 20 వరకు అగ్నిమాపక వారోత్సవములు జరుగుచున్నవి. ఇంటిలో ప్రత్తి నిలువ చేసినవారు దాని ప్రక్కన పొయ్యి గాని, బీడీ గాని, వ్రేలాడు స్విచ్చిబోర్డు గాని ఉండనీయరాదు. ఆరిన దనుకొన్న ప్రత్తి కుప్పను విడదీసి, లోపలి వరకు తడిపి, ఆ రాత్రియంతయు కాపలా కాయవలెను. పచ్చి ఆరని గడ్డి వామి వేసినను లోపల వేడి పుట్టి దానంతట అదియే అంటుకొనవచ్చును. వామికిని ఇంటికిని, వామికిని వామికిని ఎడముంచుడు. కొయ్యకాళ్లకు నిప్పు పెట్టు అలవాటు మానుడు. గాలి మళ్లినచో పొరుగువాని ఏడాది కష్టము గడియలో బూడిద యగును.

ఈ గ్రామసభలో మీరు తీర్మానింపదగిన పనులు నాలుగే. బండి చేరగల నీటితావు ఒకటి గుర్తించి దానికి దారి బాగుచేయుట. పంచాయతీ ట్యాంకరును వేసవిలో నింపి ఉంచి, దానిని నడుపువాని ఫోను సంఖ్యను అందరికి తెలుపుట. వాడలలోని అడ్డంకులు తొలగించుట. వారోత్సవములలో సమీప కేంద్రపు సిబ్బందిని ఆహ్వానించి, వారి బండిని మీ వీథులలో ఒకసారి నడిపించి చూచుట. ఆ బండి ఎక్కడ ఆగిపోయెనో అక్కడ మీ ఊరి లోపము బయటపడును. అది అగ్ని లేని దినమున బయటపడుటయే మేలు.

1914లో తయారై హైదరాబాదు చేరిన యంత్రము మొదలు నేటి బండి వరకు ఏ ఫైరింజనును ఒంటరిగా అగ్నిని గెలువలేదు. ప్రభుత్వము బండిని పంపగలదు, శిక్షణ పొందిన మనుష్యులను పంపగలదు. నీరు, దారి, కబురు మీరు సిద్ధముగా ఉంచవలెను. ఈ ఏటి గడ్డి, గింజ, గొడ్డు, గూడు మీకు క్షేమముగా దక్కవలెనని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.