పాజిటివ్ చీటీకి పిదప



ముందుగా జాడ తెలుపక ప్రాణములపైకి వచ్చు వ్యాధియెదుట వైద్యుడు నిస్సహాయుడైనను క్షంతవ్యుడే. కాని హ్యూమన్ పాపిలోమా వైరస్ సోకినది మొదలు సాధారణముగా పదియేండ్లకు పైబడిన గడువిచ్చి, ఆ గడువులో పరీక్షకు పట్టువడు గర్భాశయ ముఖద్వార క్యాన్సరుచేత మన దేశమున ఏటా 70,000కు పైగా స్త్రీలు మరణించుచుండుట నాకు సహింపరాని విషయము.

1943లో పాపనికొలావు, ట్రౌటు అను వైద్యులు ప్రకటించిన గ్రంథముతో, ముఖద్వార కణములను పరిశీలించు స్మియరు పరీక్ష లోకమున వ్యాపించినది. అయితే స్మియరు తెలుపునది అనుమానమే. దానిని తేల్చుటకు ముఖద్వారమును పెద్దదిగా చూపు కాల్పోస్కోపును, అందులో చూడనేర్చిన కన్నును కావలెను. స్పెక్యులముతో తెరచిన ముఖద్వారముపై అసిటిక్ ఆమ్లమున తడిపిన దూదినద్ది ఒక నిముషము ఓపికపట్టినచో వికృతినొందిన కణములున్న చోటు తెల్లబారును. పిమ్మట అయోడిను పూసినచో ఆరోగ్యవంతమైన పొర ముదురు గోధుమవర్ణము తాల్చగా, అనుమానాస్పదమైన భాగము పసుపుగా నిలుచును. అచ్చటినుండియే బయాప్సీకి చిన్న ముక్కను గైకొందురు. తెల్లబారినదంతయు రోగము కాదు గనుకనే ఈ విద్యకు ప్రత్యేక శిక్షణ అవసరమైనది.

ముంబయి మురికివాడలలో టాటా మెమోరియల్ వైద్యులు నడిపిన అధ్యయనమున, శిక్షణ పొందిన స్థానిక స్త్రీలే కాల్పోస్కోపు లేక కంటితోనే ఈ ఆమ్లపరీక్ష చేయగా, ఈ క్యాన్సరు మరణములు 31 శాతము తగ్గినట్లు 2014లో ప్రకటితమైనది. ఆ కార్యకర్తలను అందరును కొనియాడిరి, సముచితమే. కాని పాజిటివ్ వచ్చినవారికి ఉచితముగా నిర్ధారణయు చికిత్సయు చేయుటకు వారి వెనుక ఒక ఆసుపత్రి సిద్ధముగా నుండెనన్న సంగతిని చాలమంది గుర్తింపరు.

మిరపకోతలకు పోవు కూలీ తల్లికి చీటీపై పాజిటివ్ అని వ్రాసి పెద్దాసుపత్రికి పొమ్మన్నచో, బస్సు ఛార్జీని, పోవు కూలిని, ఓపీ వరుసను, మగవైద్యుడుండునేమో యను బిడియమును తలచుకొని, నొప్పి లేని రోగమునకు ఇంత తిప్పలెందుకని ఆమె ఆ చీటీని ట్రంకుపెట్టెలో దాచును. ఆమెను నిందింపలేము. వచ్చిననాడే కాల్పోస్కోపీయు, తగినవారికి ఆ పూటనే వికృత కణములను వేడితో నశింపజేయు థర్మల్ అబ్లేషనును జరుగు క్లినిక్కు ప్రతి జిల్లా ఆసుపత్రిలో నుండవలెను. రాని స్త్రీకి ఫోను చేయు నర్సమ్మయు, ఇంటికిపోయి వెంటబెట్టుకొని వచ్చు ఆశా కార్యకర్తయు అందు వైద్యునితో సమానులని నా దృఢవిశ్వాసము.

నేడు పట్టములందుకొనుచున్న యువవైద్యులారా, మీలో ఎందరో త్వరలో జిల్లా ఆసుపత్రులలో చేరుదురు. చేరిన మొదటి వారమున ఈ పరీక్షల రిజిస్టరు తెప్పించుకొని, పాజిటివ్ అని వ్రాసి పక్కగడి ఖాళీగా మిగిలిన పేర్లను వెదకుడు. ఒక్కొక్క పేరును ఆ ఊరి ఆశాకు అప్పగింపుడు. ఆ తల్లి వచ్చిన దినమున ఓపీ వరుసలో నిలువబెట్టక తిన్నగా లోనికి పిలువుడు.