గర్భగృహము – గృహధర్మము



దేవాలయంలో స్వామి వేంచేసియుండే చోటును గర్భగృహమని పిలుస్తున్నాము. గోపురం ఎంత ఎత్తైనదైనా, మండపం ఎంత విశాలమైనదైనా, ప్రాకారాలు ఎన్ని ఉన్నా, అవన్నీ లోపలి ఆ చిన్న చీకటిగదికి పరివారంగా, రక్షణగా నిర్మింపబడినవే. ఆ గది ముందు నిలిచినప్పుడు మనం గొంతు తగ్గించి మాట్లాడుతాము. కోపాన్ని గడప ఇవతలనే విడిచి వెళ్ళుతాము. ఆ పేరు ఎక్కడినుండి వచ్చినదో ఒక్కసారి యోచించండి. అది తల్లికడుపు పేరే కదా! మన ఇంట కూతురో కోడలో నెల తప్పినదంటే, ఆ ఇంట ఒక గర్భగృహం వెలసినదన్నమాట. మరి దాని చుట్టూ ఉండవలసిన ప్రాకారం ఎవరు? భర్త, అత్తమామలు, పుట్టింటివారు, తోడికోడళ్ళు, ఇరుగుపొరుగువారు. నేడు తమకు నేను మనవి చేయదలచినది ఈ ఒక్క మాటే. శిశువునకు జరిగే మొట్టమొదటి సంస్కారం పురోహితుడు వచ్చి చేయించేది కాదు. ఆ తల్లికి ఇల్లు ఇచ్చే నీడయే ఆ సంస్కారం.

శ్రీమద్భాగవతం తృతీయస్కంధంలో కపిలమహర్షి తన తల్లియైన దేవహూతికి జీవుని గర్భవాసాన్ని వివరించినాడు. మోసి కన్న తల్లికి, కడుపున పుట్టిన కొడుకు గర్భవాస రహస్యాన్ని బోధించడం ఎంత మనోహరమైన సన్నివేశమో చూడండి! ఒక్క రాత్రికి కలలమనే ద్రవరూపం, ఐదు రాత్రులకు బుడగవంటి రూపం, పది దినాలకు రేగుపండంత పరిమాణం కలుగుతాయని అందు చెప్పబడినది. మొదటి నెలకు శిరస్సు, రెండవ నెలకు చేతులు కాళ్ళు మొదలైన అవయవాలు, మూడవ నెలకు గోళ్ళు, రోమాలు, ఎముకలు, చర్మం. నాల్గవ నెలకు సప్తధాతువులు, ఐదవ నెలకు ఆకలిదప్పులు. ఆరవ నెలలో మావి పొరలో ఉండి కదలడం, ఏడవ నెలనుండి తెలివి కలగడం. ఇదీ ఆ క్రమం. పిప్పలాద మహర్షి పేర ప్రసిద్ధమైన గర్భోపనిషత్తులోను ఇటువంటి క్రమమే కొద్దిపాటి భేదాలతో కనిపిస్తున్నది.

నేటి వైద్యశాస్త్రం యంత్రాల సహాయంతో లోపలికి చూచి చెప్పే లెక్క వేరుగా ఉన్నది. బీజకణాలు కలిసిన తరువాత నాల్గవ వారంలోనే గుండె కొట్టుకోవడం మొదలవుతున్నది. ఎనిమిది వారాలు నిండేసరికి ముఖ్యమైన అవయవాలన్నింటికీ పునాది పడుతున్నది. సుమారు 38 వారాలకు ప్రసవం జరుగుతున్నది. ఋషుల లెక్కనూ వైద్యుల లెక్కనూ పక్కపక్కన పెట్టి ఏది గెలిచినదని వాదించుకోనవసరం లేదు. ఋషులు చెప్పదలచినది జీవుని ప్రయాణం. వైద్యులు చెప్పేది దేహనిర్మాణం. ఇద్దరూ ఒక్క విషయంలో మాత్రం ఏకీభవిస్తున్నారు. కడుపులోని బిడ్డ మూటగట్టి దాచిన వస్తువు కాదు. అది ప్రతిదినం నిర్మాణం జరుపుకొంటున్న ప్రాణి. తల్లి తిన్నది దానికి చేరుతున్నది. తల్లి ఆహారంలోని మితిమీరిన కారం, ఉప్పు, పులుపు గర్భస్థుని బాధిస్తాయని భాగవతం కూడా హెచ్చరించినది.

ఇక్కడ గృహస్థులు గుర్తుంచుకోవలసిన విషయం ఒకటున్నది. బిడ్డకు మెదడు, వెన్నుపాము ఏర్పడే నాళం మొదటి 28 రోజులలోనే మూసుకొనుచున్నది. అప్పటికి తాను గర్భవతినని చాలమంది స్త్రీలకు తెలియనే తెలియదు. అందుచేతనే సంతానం కోరే స్త్రీలు గర్భం దాల్చకముందునుండే ఫోలిక్ ఆమ్లం మాత్రలు తీసుకోవలెనని వైద్యులు చెబుతున్నారు. మన పెద్దలు గర్భాధానాన్ని కూడా ఒక సంస్కారంగా నిర్ణయించినారు. రాబోయే అతిథికోసం ముందే సిద్ధపడవలెనన్నదే అందులోని భావం. పండుగనాడు ఇల్లు అలికేది పండుగ అయిపోయిన తరువాత కాదు గదా!

ఇక ప్రహ్లాదుని కథకు వద్దాము. హిరణ్యకశిపుడు తపస్సుకు మందరగిరికి వెళ్ళిన సమయంలో దేవతలు రాక్షసులను ఓడించినారు. ఇంద్రుడు గర్భవతియైన లీలావతిని, సంస్కృత భాగవతంలో కయాధువు అని పిలువబడిన ఆమెను, బలవంతంగా తీసుకొని పోవుచుండగా నారదుడు అడ్డుపడినాడు. ఆమెను విడిపించి తన ఆశ్రమానికి తోడుకొని వచ్చినాడు. భర్త తిరిగివచ్చేవరకు నిర్భయంగా ఇక్కడ ఉండుమన్నాడు. ఆ పిమ్మటనే ధర్మతత్త్వాన్ని, జ్ఞానాన్ని బోధించినాడు. కాలం గడిచి తల్లి మరచినా, కడుపులోనుండి విన్న ప్రహ్లాదుడు మరువలేదు. ఈ కథ చెప్పేటప్పుడు మనమందరం బోధను గూర్చి చెబుతాము. దానికి ముందు జరిగినదానిని దాటివేస్తాము. నారదుడు మొదట ఇచ్చినది ఉపదేశం కాదు, అభయం. భయంతో వణకుచున్న తల్లికి ఆయన హరికథ చెప్పలేదు. ముందు భయం పోగొట్టినాడు, నీడ ఇచ్చినాడు, అన్నం పెట్టినాడు. ఆ తరువాతనే చెప్పిన మాట బిడ్డదాకా చేరినది.

దీనికి ఎదురుగా మహాభారతం అరణ్యపర్వంలోని మరొక కథను నిలిపి చూడండి. ఉద్దాలకుని కుమార్తె సుజాత, ఆమె భర్త కహోడుడు. అతడు శిష్యుల నడుమ వేదం వల్లిస్తుండగా, కడుపులోని బిడ్డ తప్పు ఉన్నదన్నాడు. కహోడునికి అభిమానం దెబ్బతిన్నది. ఎనిమిది వంకరలతో పుట్టుమని పుట్టని బిడ్డను శపించినాడు. అతడే అష్టావక్రుడు. అదే కథలో మరొక ఘట్టమున్నది. నెలలు నిండిన సుజాత భర్తతో ఏకాంతంలో, పదవ నెల వచ్చినది, ఇంట ధనం లేదు, పురుడు ఎట్లు గడచునని దీనంగా అడిగినది. అప్పుడు గాని కహోడుడు ధనంకోసం జనకమహారాజు సభకు బయలుదేరలేదు. వాదంలో ఓడి నీట ముంచబడినాడు. చివరకు అతనిని విడిపించినవాడు ఎవరు? తాను శపించిన ఆ బిడ్డయే. చిన్నవయసుననే సభకు వెళ్ళి వాదంలో గెలిచి తండ్రిని బ్రతికించుకొన్నాడు. వేదం తెలిసిన ఇంట కూడా కోపం ఉన్నది, పురుటికి సిద్ధపాటు లేదు. కథ మనకు చూపే లోపం అదే.

అయితే ఈ కథను ఆధారం చేసుకొని, బిడ్డ అవయవలోపంతో పుట్టినప్పుడు తల్లిని గాని, ఆమె గ్రహణంనాడు చేసిన పనిని గాని, ఆమె తలరాతను గాని నిందించడం మహాపాపం. అటువంటి లోపాలకు కారణాలు అనేకం. వానిలో చాలావరకు ఎవరి చేతిలోను లేనివి. కహోడుడు శపించినాడని భారతం చెప్పినదే గాని, సుజాతలో దోషమున్నదని ఎక్కడా చెప్పలేదు. గర్భం నిలువని తల్లి విషయంలోను ఇదే ధర్మం. ఆమెకు కావలసినది ఓదార్పు; విచారణ కాదు.

ఇప్పుడు సీమంతం సంగతి చూద్దాము. గృహ్యసూత్రాలలో ఈ సంస్కారాన్ని నాల్గవ, ఆరవ, ఎనిమిదవ నెలలలో విధించినారు. భర్త స్వయంగా భార్య పాపట తీయవలెను. వీణ వాయించేవారిని పిలిచి పాడించవలెను. ఆరవ నెల గడిచేసరికి గర్భస్థ శిశువు శబ్దాలకు స్పందిస్తున్నదని నేడు వైద్యులు చెబుతున్నారు. 1980లో అమెరికాలో డికాస్పర్, ఫైఫర్ అనే ఇద్దరు పరిశోధకులు, పుట్టి మూడు రోజులైనా నిండని పసికందులు పరాయి స్త్రీ గొంతుకంటె తల్లి గొంతునే వినగోరుతున్నాయని పరీక్షించి ప్రకటించినారు. అంటే ఆ గొంతుతో పరిచయం లోపలనుండే మొదలైనదన్నమాట. ఋషులకు ఈ పరీక్షలు తెలుసునని నేను చెప్పబోవడం లేదు. తల్లి చెవిలో పాట పడవలెనని, భర్త చేయి ఆమె తలపై ఉండవలెనని వారు కోరినారు. అంతవరకు మనకు చాలు. మనం మాత్రం గాజులు, పసుపుకుంకుమలు, ఫొటోలు మిగుల్చుకొని, వీణను, భర్త చేతిని వదలివేసినాము.

ఆయుర్వేదం గర్భిణిని దౌహృదిని అన్నది. రెండు హృదయాలు కలది అని అర్థం. ఆమె కోరికను కాదనరాదని శాస్త్రం. మన ఇండ్లలో జరిగేది ఏమిటి? మగవారు, పిల్లలు తిన్న తరువాత అడుగున మిగిలినది ఆమె తింటున్నది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశపు గర్భవతులలో 52 శాతం మందికి రక్తహీనత ఉన్నదని తేలినది. సగంమందికి పైగా! అన్నపూర్ణను పూజించే దేశంలో ఈ లెక్క మనల్ని తలవంచుకొనేటట్లు చేయవలదా? ఇనుము మాత్రలు, ఆకుకూరలు, పప్పు, పాలు, వేళకు నిద్ర ఆమెకు అందుతున్నాయో లేదో చూచుట ఆ ఇంటి యజమాని నిత్యకృత్యాలలో ఒకటి కావలెను.

మరొక మాట. చెప్పడానికి కష్టమైనా చెప్పక తప్పదు. కపిలుని కనడానికి ముందు దేవహూతి తొమ్మిదిమంది కుమార్తెలను కన్నది. తొమ్మిదిమందియు ఆడపిల్లలే! కర్దముడు ముఖం చిట్లించుకొన్నట్లు భాగవతంలో ఎక్కడా లేదు. ఆ తొమ్మిదిమందిలో ఒకరు అనసూయ, ఒకరు అరుంధతి. పెండ్లినాడు కొత్తదంపతులకు ఆకాశంలో మనం చూపించేది ఆ ఇంటి ఆడపిల్లనే. ఆడపిల్ల యని తెలిసి ఆనాడు ఆ గర్భాన్ని వద్దనుకొంటే, నేడు మనకు చూపడానికి నక్షత్రం ఉండేదా? బిడ్డ ఆడో మగో నిర్ణయించేది తండ్రి బీజమేనని, అది గర్భధారణ క్షణంలోనే నిశ్చయమైపోతున్నదని విజ్ఞానం స్పష్టం చేసినది. కోడలిని నిందించడానికి అందులో ఇసుమంత తావు లేదు. లింగనిర్ధారణ పరీక్షలను నిషేధిస్తూ 1994లో చట్టం చేసినారు. అయినా 1961లో ఆరేండ్ల లోపు వేయిమంది మగపిల్లలకు 976 మంది ఉన్న ఆడపిల్లలు 2011 నాటికి 920 కంటె తగ్గిపోయినారు. ఆ లోటు ఆకాశంనుండి ఊడిపడినది కాదు. మన ఇండ్లనుండి వచ్చినది. నవరాత్రులలో బాలాపూజ చేసే చేతులతో ఆ పాపం చేయరాదు.

బిడ్డ భూమిమీద పడినది. గర్భంలో భగవంతుని స్మరించిన జీవుడు పుట్టగానే అంతా మరచి ఏడ్చినాడని శాస్త్రాలు చెబుతున్నాయి. ఆ ఏడుపుకు మొదటి సమాధానం తల్లి రొమ్ము. తొలి దినాలలో వచ్చే ముర్రుపాలను పిండి పారబోసే అలవాటు కొన్నిచోట్ల ఉండేది. అది అమృతాన్ని నేలపాలు చేయడమే. బిడ్డకు రోగనిరోధకశక్తి నిచ్చేది ఆ పసుపుపచ్చని పాలే. జాతకర్మలో నేయి, తేనె నాకించే విధి ఉన్నది. కాని ఏడాది నిండని పసివానికి తేనె ప్రమాదకరం కావచ్చునని వైద్యులు హెచ్చరిస్తున్నారు. మంత్రాన్ని, ఆశీర్వాదాన్ని ఉంచుకొని తేనెను మానుకొంటే సంస్కారానికి లోపం రాదు. ఆరు నెలలు తల్లిపాలే చాలునని నేటి వైద్యం చెబుతున్నది. మన అన్నప్రాశన ముహూర్తం కూడా ఆరవ నెలలోనే వస్తున్నది. పురుడు వచ్చిన తరువాత కొందరు తల్లులకు మనస్సు కుంగిపోయి, ఊరకనే కన్నీరు వస్తుంది. అది గాలిసోకు కాదు, పొగరు కాదు. చికిత్సకు లొంగే బాధ. వైద్యునికి చూపించడం మన విధి.

ఆ తరువాతి అందమంతా మన తెలుగిండ్లకు తెలిసినదే. బోర్లపడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు, మాటలు వస్తే పంచదార చిలకలు పంచిపెడుతాము. బిడ్డ ఎదుగుదలలోని ప్రతి మెట్టును గమనించి, ఊరివారి నోరు తీపి చేయడంలో గొప్ప శిక్షణ ఉన్నది. అరిసెలు పంచవలెనంటే అడుగు వేసిన క్షణాన్ని ఎవరో ఒకరు చూచియుండవలెను కదా! రెండుమూడేండ్లు వచ్చేసరికి బిడ్డ మెదడు పెద్దవారి మెదడు పరిమాణంలో ఇంచుమించు 80 శాతానికి పెరుగుతున్నది. ఆ వయసులో కావలసినవి పలుకరించే నోరు, ఎత్తుకొనే చేయి, కథ చెప్పే అమ్మమ్మ. నేడు అన్నం తినడంలేదని చేతికి సెల్‌ఫోను ఇస్తున్నాము. రెండేండ్ల లోపువారికి ఆ తెర అసలే వద్దని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించినది. యశోద చందమామను చూపి అన్నం తినిపించినదని మనం పాటలలో పాడుకొంటున్నాము. చందమామ నేటికీ మన మిద్దెలమీదనే ఉన్నాడు.

భక్తమహాశయులారా! తమలో ఎవరి ఇంటనైనా ఇప్పుడు నెలలు నిండుతున్న తల్లి ఉంటే, ఈ దర్శనం ముగించుకొని వెళ్ళి నాలుగు పనులు చేయండి. ఆమెకు మొదట వడ్డించండి. ఆమె ఎదుట గొంతు తగ్గించండి. పురుటికి కావలసిన ధనాన్ని, వాహనాన్ని, ఆసుపత్రిని ముందే సిద్ధపరచండి. పుట్టేది ఎవరైనా మాకు సంతోషమేనని, ఆమె అడుగకముందే నోరార చెప్పండి. కొండ ఎక్కి, వరుసలో గంటలకొద్దీ నిలిచి మనం చూచి వచ్చే గర్భగృహంలోని స్వామియే మన ఇంటి గర్భంలోను కన్ను తెరుస్తున్నాడు. అక్కడ మనం చూపే భక్తి నిజమైనదో కాదో ఇక్కడ మన నడతయే తేల్చి చెబుతుంది. ప్రతి తల్లికీ అభయం, ప్రతి బిడ్డకూ ఆయురారోగ్యాలు సిద్ధించునట్లు ఆ పరమాత్మ అనుగ్రహించుగాక!

స్వస్తి.