కొల్లేటిలో ఆనవాళ్ళు

మెట్టప్రాంతంలో దారి చెప్పడం సులభం. చింతచెట్టు దగ్గర కుడివైపు తిరగమంటాము. గుడి దాటిన తరువాత మూడవ ఇల్లంటాము. కొల్లేటిలో ఈ గుర్తులు నిలువవు. గుర్రపుడెక్క గాలివాటానికి కదిలిపోతుంది. వేసవిలో మనిషి నడిచిన నేల వానకాలంలో దోనెకు దారి అవుతుంది. కిక్కిస నిలువెత్తు పెరిగినచోట ఒక కాలువకూ మరొక కాలువకూ భేదం తెలియదు. లంకగ్రామంలో పుట్టి పెరిగినవానికి నీటి పోకడ, గాలి దిక్కు దారి చెప్పవచ్చును. ఏలూరునుంచో, తాడేపల్లిగూడెంనుంచో వెళ్ళినవానికి అవి చెప్పవు. అట్టివానికి ఆకాశాన్నే ఆనవాలుగా చేసి ఇచ్చిన సాధనం జి.పి.ఎస్. పరికరం.

సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాలు తమ స్థానాన్నీ, కాలాన్నీ ఎడతెగకుండా ప్రకటిస్తుంటాయి. కనీసం నాలుగింటి పిలుపు అందితే చేతిలోని పరికరం తానున్న చోటును లెక్కకట్టగలదు. అమెరికావారి ఈ వ్యవస్థ 1995 నాటికి పూర్తిగా సిద్ధమైనది. అయితే సామాన్యులకు అందే సంకేతంలో వారు కావాలని కొంత తప్పు కలిపేవారు. 2000 మే 2వ తేదీన ఆ తప్పును తొలగించారు. మరునాడే డేవ్ ఉల్మర్ అనే ఆయన ఆరిగాన్ రాష్ట్రంలో ఒక బకెట్టులో కొన్ని వస్తువులు, ఒక చిన్న పుస్తకం ఉంచి, అడవిలో దాచి, దాని అక్షాంశ రేఖాంశాలను లోకానికి ప్రకటించాడు. వెదకి పట్టినవారు పుస్తకంలో పేరు వ్రాయవలెను. జియోకాషింగ్ అనే ఈ దాగుడుమూతల ఆట ఆ విధంగా పుట్టి దేశదేశాలకు వ్యాపించింది.

ఈ ఆటకుగాని, నీటిమీది ప్రయాణానికిగాని పరికరాన్ని ఎన్నుకొనేవారు ధరకంటె ముందు తాము తిరిగే చోటును చూచుకోవలెను. కొల్లేటిమీద కొండలు లేవు, మేడలు లేవు. ఆకాశమంతా తెరచి ఉన్నది. అక్కడ సామాన్యమైన పరికరం కూడా అయిదారు మీటర్లలోపు తప్పుతో చోటు చెప్పగలదు. గూడెం పరిసరాల దట్టమైన తోటల్లో, ఏలూరు ఇరుకు సందుల్లో తిరగవలసినవారికి మాత్రం రష్యా గ్లొనాస్, ఐరోపా గెలీలియో ఉపగ్రహాల సంకేతాలను కూడా గ్రహించే పరికరం మేలు.

సరస్సుపై వెళ్ళేవారికి ముఖ్యమైనవి మూడు. మొదటిది, నీటికి ఓర్చుకోవడం. పెట్టెమీద ఐ.పి.ఎక్స్.7 అని ఉంటే, ఒక మీటరు లోతు నీటిలో అరగంట పడి ఉన్నా చెడదని అర్థం. రెండవది, మీటలు. తడిచేతులతో తాకుతెరను నడపడం కష్టం. నొక్కే మీటలే నయం. మూడవది, ఘటాలు. బజారులో దొరికే రెండు చిన్న ఘటాలతో ఇరవై గంటలకు పైగా పనిచేసే పరికరాలు ఉన్నవి. మరొక జత జేబులో ఉంటే రాత్రికి భయం లేదు. మొదట నేర్చుకొనేవారికి చేతి ఫోను చాలును. కాని ఎండలో తెర కనబడక, సాయంత్రానికి ఘటం ఉడిగిపోయి అది నట్టేట విడిచిపెట్టవచ్చును. మరొక హెచ్చరిక. ఉపగ్రహం ద్వారా సందేశాలు పంపే పరికరాలను మన దేశంలో ప్రభుత్వ అనుమతి లేనిదే వాడరాదు. కేవలం సంకేతం గ్రహించే పరికరానికి ఆ చిక్కు లేదు.

పరికరం కొన్న తరువాత అసలు పని ఆరంభమవుతుంది. మనం గుర్తు పెట్టుకొనే ప్రతి స్థానాన్నీ వేపాయింటు అంటారు. దీనిని వ్రాసే తీరులో తబ్బిబ్బు పడరాదు. 16 డిగ్రీల 43.500 నిమిషాలు అన్నా, 16.725 డిగ్రీలు అన్నా ఒకటే అక్షాంశం. మొదటిదానిని తొందరలో 16.435 డిగ్రీలుగా ఎక్కించినవాడు సుమారు 32 కిలోమీటర్లు దక్షిణంగా పోతాడు. ఏలూరులో వెదకవలసినవాడు కొల్లేరు దాటిపోతాడన్నమాట. నిమిషంలో వెయ్యవ వంతు రెండు గజాలకు సమానం. కనుక చివరి అంకెను కూడా వదలరాదు. పాత సర్వే పటాలు ఎవరెస్టు గోళప్రమాణంమీద తయారైనవి, పరికరం డబ్ల్యు.జి.యస్. 84 ప్రమాణాన్ని పాటిస్తుంది. రెంటినీ కలగాపులగం చేస్తే గుర్తు ఎంతో దూరం తప్పుతుంది.

పరికరం తనంతట 001, 002 అని పేర్లు పెడుతుంది. నెల తిరిగేసరికి ఏది ఏదో యజమానికే తెలియదు. 'కొల్లేటికోట గుడి మలుపు', 'ఆకివీడు వంతెన', 'ఉప్పుటేరు రేవు' అని అక్కడికక్కడే పేరు పెట్టవలెను. తేదీ, ఋతువు చేర్చవలెను. మాఘంలో పనికివచ్చిన దారి శ్రావణంలో పనికిరాదు. ముఖ్యమైన చోటును ఒక్కసారి గుర్తించి ఊరుకోక, వేరొక పూట మరల కొలిచి సగటు తీయవలెను. చెల్లని గుర్తులను తొలగించి, మిగిలినవాటికి ఇంటివద్ద ఒక ప్రతి ఉంచుకోవలెను.

ఈ పరికరం చేయలేని పని ఒకటి ఉన్నది. 1999లో అయిదడుగుల సమోన్నత రేఖ వరకు 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో ఆ హద్దులోని చేపల చెరువుల గట్లను తెగగొట్టినప్పుడు ఆ రేఖ ఎన్నో కుటుంబాలకు బ్రతుకు గీత అయినది. తన గట్టు రేఖకు లోపలనో వెలుపలనో తేల్చుకొనుటకు ఎవరైనా చేతి పరికరాన్ని నమ్ముకొంటే మోసపోతాడు. అయిదడుగులంటే మీటరున్నర. పరికరం ఎత్తు చెప్పుటలో చేసే తప్పు అనేక మీటర్లు ఉండవచ్చును. కొలిచే వస్తువుకంటె కొలబద్ద తప్పే పెద్దదైనప్పుడు ఆ కొలత సాక్ష్యం కానేరదు. 'ఎక్కడ' అంటే ఇది చెబుతుంది. 'ఎంత ఎత్తున' అంటే మట్టపు కొలతలు తీసే సర్వేయరే చెప్పవలెను.

ఇక మర్యాద మాట. కొల్లేరు 2002 నుండి రామ్సార్ ఒడంబడిక క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడినేల. ఆటపాక వద్ద గూడబాతులు గూళ్ళు కట్టి పిల్లలను పెంచుతాయి. ఆట పేరిట అభయారణ్యంలో పెట్టెలు దాచడం, అనుమతి లేక లోపలికి పోవడం తగదు. గూళ్ళున్న చోట్ల అంకెలను బయటపెట్టడం అంతకన్న తగదు. జనం మూగితే బెదరిన తల్లిపక్షి గూడు విడుస్తుంది. ఎండకు గ్రుడ్లు, పిల్లలు నశిస్తాయి. దాచే పెట్టెను ఊరి పంచాయతీ అనుమతితో ఊరబయట, నలుగురూ నడిచే చోట దాచవచ్చును. అసలు పెట్టె లేకుండానే, ఒక వంతెననో పాత రేవునో గుర్తుగా ఇచ్చి, అక్కడి విశేషం చెప్పమని ప్రశ్న వేసినా ఆట రక్తికడుతుంది.

పరికరం చూపే బాణం తిన్నగా ఉంటుంది. దారి తిన్నగా ఉండదు. బాణం వెంట పోయి ఊబిలో దిగబడడంకంటె, దోనె నడిపే పెద్దను ఒకమాట అడగడం మంచిది. ఆయన చెప్పిన దారిని పరికరంలో నిలుపుకొంటే, ఆ ఎరుక మన తరువాతివారికి కూడా పనికివస్తుంది.