ముందు వైద్యం, తర్వాత కాగితం

పట్టాలు అందుకున్న మీకు, పత్తి, మిర్చి అమ్మిన డబ్బుతో మీ ఫీజులు కట్టి ఇవాళ వెనక వరసల్లో కూర్చున్న మీ అమ్మానాన్నలకు అభినందనలు. రాబోయే కాలం ఎలా ఉంటుందో చెప్పడానికి నాకంటే తెలిసినవాళ్లున్నారు. నేను ప్రసూతి వైద్యురాలిని. ఈ ప్రాంతపు ప్రభుత్వ ఆస్పత్రుల్లోనే పనిచేసి రిటైరయ్యాను. కాన్పులతో పాటు ఇంకో పని కూడా నా చేతుల మీదుగా జరిగింది. అత్యాచారానికి గురైన ఆడవాళ్లను, పసిపిల్లలను పరీక్షించి వైద్యం చేయడం. ఇవాళ దాని గురించే మాట్లాడతాను. పండగపూట ఇదేం ప్రస్తావన అని కొందరికి అనిపించవచ్చు. ఇంతమంది చదువుకున్న పిల్లలు ఒక్కచోట నాకు మళ్లీ దొరకరు, కాస్త ఓపిక పట్టండి.

మిరపకోతల కాలం. కర్నూలు వైపు నుంచి కూలికి వచ్చినవాళ్లు చేల పక్కన పరదాలు కట్టుకుని ఉండే రోజులు. ఒక సాయంత్రం ఒకామెను ఆటోలో తీసుకొచ్చారు. ముందురోజు రాత్రి జరిగింది. అప్పటికే రెండుచోట్ల తిరిగారు. ఒక ఆస్పత్రిలో పోలీసుల కాగితం తెస్తేనే చూస్తామన్నారు. స్టేషన్‌కి వెళితే, జరిగిన చోటు మా పరిధిలోకి రాదన్నారు. వెంట ఉన్న పెద్దావిడ మంచి మనసుతోనే ఆమెకు తలస్నానం చేయించి, చీర ఉతికి ఆరేసి, వేరే చీర కట్టి తెచ్చింది. కాయ కోసి కోసి మండుతున్న చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది ఆమె. కన్నీళ్లు తుడుచుకోవడానికి కూడా లేదు, ఆ చేయి తగిలితే కళ్లు భగ్గుమంటాయి. మా సిస్టరమ్మ తడిగుడ్డతో మొహం తుడిచింది. ఆమె నన్ను అడిగిన మొదటి మాట: ‘కేసు పెట్టకపోతే మందులియ్యరా అమ్మా?’

ఇస్తాం. ఇచ్చి తీరాలి. 2013 నుంచి చట్టంలో ఉన్న మాటే ఇది. ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 397వ సెక్షన్‌లో ఉంది. ప్రభుత్వ ఆస్పత్రి కానీ, ప్రైవేటు నర్సింగ్ హోం కానీ, బాధితురాలు గడప తొక్కగానే ఉచితంగా వైద్యం చేయాలి. పోలీసులకు కబురు చేయడం ఆస్పత్రి పని, ఆమె తిరిగి తేవాల్సిన కాగితం కాదు. వైద్యం చేయకపోతే ఏడాది వరకు జైలు. పద్దెనిమిదేళ్లు నిండిన మనిషి నాకు కేసు వద్దంటే, ఆ మాట రాసుకుని వైద్యం మాత్రం పూర్తిగా చేయాల్సిందే. పద్దెనిమిది లోపు పిల్లలైతే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం, తెలిసిన ప్రతివాళ్లూ ఫిర్యాదు చేయాలి.

నన్ను ఇన్నేళ్లూ నిద్రపోనివ్వని దిగులు ఒక్కటే, గంటలు. గర్భం రాకుండా ఇచ్చే మాత్ర 72 గంటల్లోపు వేస్తే బాగా పనిచేస్తుంది. హెచ్‌ఐవి సోకకుండా ఇచ్చే మందు 72 గంటలు దాటితే మొదలుపెట్టినా లాభం లేదు. మొదలుపెట్టాక 28 రోజులు మానకుండా వాడాలి. ఒంటి మీది ఆనవాళ్లు నాలుగు రోజులకు మించి దొరకడం కష్టం. మన ఇళ్లల్లో ఆ నాలుగు రోజులూ దేనికి పోతాయో తెలుసా? ఎవరికి చెప్పాలి, ఎవరికి చెప్పకూడదు, పెద్దమనుషుల్లో పెడదామా, పిల్ల పెళ్లి ఏమవుతుంది, ఇలాంటి మాటలకు పోతాయి. పెద్దమనుషుల్లో పెట్టి డబ్బుతో తేల్చుకునే నేరం కాదమ్మా ఇది, చట్టం రాజీకి ఒప్పుకోదు.

అందుకే ముందు ఆస్పత్రికి తీసుకెళ్లండి. వీలైతే స్నానం చేయించకుండా, బట్టలు ఉతక్కుండా. విప్పిన బట్టలు నీడన ఆరనిచ్చి కాగితంలో చుట్టండి, ప్లాస్టిక్ కవర్లో పెడితే బూజు పడుతుంది. స్నానం అయిపోయిందా, అయినా తీసుకెళ్లండి. ఆ మిరపకోతల ఆమెకు స్నానం అయ్యాక కూడా మేం మందులిచ్చాం, నమూనాలు తీశాం. ప్రతి పరీక్షకూ ముందు ఆమెను అడిగి, ఒప్పుకుంటేనే చేశాం. ‘రెండు వేళ్ల పరీక్ష’ అనే అనాగరికం గురించి వినే ఉంటారు. అది చేసిన డాక్టరు దుష్ప్రవర్తనకు పాల్పడినట్టేనని సుప్రీంకోర్టు 2022 అక్టోబర్ 31న తేల్చి చెప్పింది. ‘ఒంటి మీద గాయాలే లేవుగా, ఎదిరించలేదా’ అని సైన్సు పట్టా ఉన్నవాళ్లే నన్ను అడిగారు. ఎదిరించనంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదని చట్టమే రాసి పెట్టింది. భయంతో ఒళ్లు కొయ్యబారిపోవడం నేను కళ్లారా చూశాను.

ఇక కొంచెం కోప్పడతాను. అమెరికా వీసా స్లాటు ఎప్పుడు తెరుచుకుంటుందో అర్ధరాత్రి లేపి అడిగినా చెబుతారు కదర్రా! 181 ఏ నంబరో ఎంతమందికి తెలుసు? మహిళల హెల్ప్‌లైన్ అది. ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకుని జీరో ఎఫ్‌ఐఆర్ కట్టి తీరాలని, కట్టని అధికారికి కనీసం ఆరు నెలల జైలు ఉందని, మహిళా అధికారే ఆమె మాట రాసుకోవాలని, కావాలంటే ఆమె ఇంటికే వచ్చి రాసుకోవాలని మీ ఇంట్లో ఎవరికైనా చెప్పారా? అబ్బాయిలూ, మీరు కూడా తల దించుకోకండి. మీ చెల్లెలు మొదట చెప్పేది మీకే కావచ్చు. అప్పుడు ‘వాణ్ని నరికేస్తా’ అని లేచారంటే ఆ పిల్ల నోరు మూతపడుతుంది, అన్న జైలుకు పోతాడని. మీ పౌరుషం పక్కన పెట్టి ఆటో పిలవండి నాయనా.

‘సఖి’ వన్‌స్టాప్ సెంటర్లు 2015 నుంచి జిల్లాల్లో ఉన్నాయి. వైద్యం, పోలీసు సాయం, వకీలు, ఓదార్పు, కొద్ది రోజుల వసతి ఒక్కచోటే చూస్తారు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆడవాళ్లకు వకీలును ఉచితంగా ఇస్తుంది, ఆదాయంతో పనిలేదు. న్యాయ సేవల హెల్ప్‌లైన్ 15100 నంబరు కూడా ఫోన్లో పెట్టుకోండి. 2018లో జాతీయ న్యాయ సేవాధికార సంస్థ చేసిన పథకంలో అత్యాచార బాధితురాలికి 4 నుంచి 7 లక్షల పరిహారం ఉంది. శిక్ష పడితేనే ఇస్తారనుకోకండి. విశాఖ మన్యంలోని వాకపల్లిలో 11 మంది ఆదివాసీ స్త్రీలు 2007 ఆగస్టులో పోలీసుల మీద అత్యాచారం ఫిర్యాదు చేశారు. విచారణ 2018లో గానీ మొదలవలేదు. 2023 ఏప్రిల్‌లో ప్రత్యేక కోర్టు నిందితులను వదిలేసింది, దర్యాప్తు సరిగా చేయలేదని తప్పుపట్టింది, ఆ స్త్రీలకు న్యాయ సేవాధికార సంస్థ ద్వారా పరిహారం ఇప్పించమంది. దాదాపు పదహారేళ్లు ఆ తల్లులు మాట మార్చలేదు. తొలి రోజుల్లో జరగాల్సిన పని జరగకపోతే కోర్టు చేతికి ఏమి మిగులుతుందో అక్కడ చూడండి.

ఈ విశ్వవిద్యాలయ ప్రాంగణానికీ ఒక గాయం ఉంది. 2015 జూలైలో ఇక్కడి హాస్టల్లో ఒక ఆర్కిటెక్చర్ విద్యార్థిని ప్రాణం తీసుకుంది. ఆ బిడ్డ పడిన వేధింపులు రాసిపెట్టిన కాగితంలో చదువుకున్నాం. ఆ పేరు ఇవాళ ఎత్తను, మరిచిపోను కూడా. లైంగిక వేధింపులపై ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ 2013 చట్టం ప్రకారం ప్రతి విద్యాసంస్థలో ఉండాలి. మూడు నెలల్లోపు ఫిర్యాదు చేయాలి. రేపు మీరు చేరబోయే ఆఫీసులోనూ ఈ కమిటీ ఉండాలి. చేరిన రోజే జీతం చీటీతో పాటు కమిటీలో ఎవరున్నారో అడగండి, సిగ్గుపడకండి.

ఉపకులపతి గారూ, మీకొక విన్నపం. కమిటీ వివరాలు అందరికీ కనిపించే చోట పెట్టాలని చట్టమే చెబుతోంది. ఆఫీసు వరండాలో ఇంగ్లీషు ఉత్తర్వు అంటిస్తే చాలదు. ప్రతి హాస్టల్ మెస్‌లో, మంచినీళ్ల కుళాయి పక్కన, తెలుగులో రాయించండి: కమిటీలో ఎవరున్నారు, రాత్రి పదింటికి ఎవరు ఫోన్ ఎత్తుతారు, ఏ ఆస్పత్రికి వెళ్లాలి, బండి ఎవరు పంపుతారు. కొత్త పిల్లలు పెట్టెలతో దిగేలోపు ఆ రంగు ఆరిపోవాలి.